పడుగు సరే, పనంతా పేకలో: రాకెట్ గట్టింగ్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల పిల్లలకు టెన్నిస్ రాకెట్ ఎలా కొనాలో రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దానికి వేసే గట్, అంటే బంతి తగిలే ఆ అల్లిక దారం గురించే ఉన్నాయి. మంచిదే. రాకెట్ అమ్మేవాళ్లు చాలామంది దొరుకుతారు, గట్టింగ్ గురించి కూర్చోబెట్టి చెప్పేవాళ్లే తక్కువ. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: మాది మంగళగిరి, నేత ఇల్లు. నాన్న గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నాకు మగ్గం అబ్బలేదు. పద్దెనిమిదో ఏట విజయవాడలో ఒక స్పోర్ట్స్ షాపులో పనికి చేరి, వెనక గదిలో రాకెట్లకు గట్లు వేయడం నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు దాటింది. నిలువు గట్లను మెయిన్స్ అనీ, అడ్డం గట్లను క్రాసెస్ అనీ అందరూ అంటారు, ఇక్కడా అలాగే రాస్తాను. నా నోటికి మాత్రం ఇప్పటికీ పడుగూ పేకా అనే వస్తుంది.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. రెండేళ్లుగా కోచింగ్‌కి వెళ్తున్నాడు. నెల క్రితం గట్ తెగితే, "పెద్ద ప్లేయర్లు వాడేది ఇదే, తెగదు" అని పాలీ వేసి 58 పౌండ్ల బిగువు పెట్టారు. అప్పట్నుంచి మోచెయ్యి నొప్పి అంటున్నాడు. గట్ వల్ల చెయ్యి నొప్పి వస్తుందా?
— ఒక తల్లి, తెనాలి

వస్తుందమ్మా. ముందు ఆట ఆపించి డాక్టరుకు చూపించండి, ఆ పని నేను చెయ్యలేను. నేను చెప్పగలిగింది రెండోది: ఆ గట్ ఇవాళే కోయించేయండి. డబ్బు పోయిందని చూసుకోకండి.

పాలీ అంటే పాలిస్టర్. ఒకే ఒక్క లావుపాటి పోగు, బిరుసుగా ఉంటుంది, తక్కువ సాగుతుంది. బంతి తగిలినప్పుడు గట్ కాస్త సాగి ఆ దెబ్బను తను మింగాలి. పాలీ మింగేది తక్కువ, మిగతాదంతా చేతికి పంపిస్తుంది. 1997లో బ్రెజిల్ ఆటగాడు గుస్తావో క్యుర్టెన్, అప్పటికి ప్రపంచ ర్యాంకు 66, బెల్జియం కంపెనీ లక్సిలాన్ వాళ్ల పాలీతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. అప్పట్నుంచి అందరికీ అదే కావాలి. అది పెద్దవాళ్లు ఒళ్లంతా తిప్పి కొట్టే దెబ్బకు సరిపోయే సరుకు. పైగా వాళ్లలో చాలామంది కొత్త బంతులు వచ్చినప్పుడల్లా రాకెట్ మార్చేస్తారు. మ్యాచ్‌లో మొదట 7 గేములకు, తర్వాత ప్రతి 9 గేములకు బంతులు మారతాయి. అంటే ఒక గట్ మీద గంట కూడా ఆడరు. మన పిల్లవాడు అదే గట్ మీద ఆరు నెలలు ఆడతాడు. ఫెదరర్ అంతటివాడే మెయిన్స్‌కు మెత్తటి సహజ గట్ వేసుకుని, పాలీని క్రాసెస్‌కి మాత్రమే వాడాడు.

మీవాడికి మల్టీఫిలమెంట్ వేయించండి. సన్నటి నైలాన్ పోగులు వందల కొద్దీ కలిపి పేనిన గట్ అది, పగ్గం పేనినట్టు. ఖర్చెక్కువ అనిపిస్తే మామూలు సింథటిక్ గట్ అయినా పర్లేదు. 48 పౌండ్లు చాలు, అంటే 22 కిలోల లోపు. తెగుతుంది, తెగనివ్వండి. గట్ తెగితే మళ్లీ వేస్తాం.

52 పౌండ్లు పెట్టమన్నాను. మిషన్ మీద 52 అని నా కళ్లతో చూశాను. మర్నాడు ఫోన్‌లో యాప్ పెట్టి, గట్ మీద తట్టి వినిపిస్తే 46 అంది. షాపువాళ్లు మోసం చేశారా?
— మియాపూర్, హైదరాబాద్

మోసం కాదండీ. మీరు చూసిన 52 మిషన్ లాగిన లాగుడు. మీ రాకెట్‌లో మిగిలింది వేరే లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల నాకు నెలకొక కస్టమరుతో పేచీ.

మిషన్ 52 దగ్గర గట్‌ను పట్టుకుని లాగుతుంది. అది జారిపోకుండా మేం క్లాంప్, అంటే పట్టుకారు లాంటి బిగింపు వేస్తాం. మిషన్ వదిలేసరికి గట్ క్లాంప్‌ను కాస్త వెనక్కి లాక్కుంటుంది. అక్కడ కొంత పోయింది. క్రాసెస్ దగ్గర, అటు పదహారు నిలువు గట్ల మధ్య నుంచి ఒరుసుకుంటూ రావాలి కాబట్టి మిషన్ దగ్గర 52 ఉన్నా అవతలి చివరకు అంత చేరదు. ముడి దగ్గర ఇంకొంచెం. ఇవన్నీ అయ్యాక మొదటి రాత్రే గట్ తనంతట తాను సాగిపోతుంది. ఒక్క రోజులో పదో వంతు తగ్గడం చాలా మామూలు సంగతి.

మిషన్‌ను బట్టి కూడా మారుతుంది. హ్యాండిల్ తిప్పే క్రాంక్ మిషన్ 52 రాగానే టక్కుమని లాక్ అయిపోతుంది. ఆ తర్వాత గట్ సాగినా అది మళ్లీ లాగదు. కరెంటు మిషన్ అలా కాదు, గట్ సాగుతున్న కొద్దీ లాగుతూనే ఉంటుంది. అందుకే క్రాంక్ మీద 52 అలవాటైనవాడికి కరెంటు మిషన్ మీద కూడా 52 పెడితే రాకెట్ చెక్కలా ఉందంటాడు. నేనైతే రెండు పౌండ్లు తగ్గించి ఇస్తాను.

యాప్ కూడా దేవుడేమీ కాదు. మీరు చెప్పిన రాకెట్ సైజు, గట్ లావు, రకం బట్టి మోతను లెక్కకట్టి అంకె చెబుతుంది. వాటిలో ఒకటి తప్పు ఇస్తే అంకె మారిపోతుంది. ఒక పని చెయ్యండి. గట్టింగ్ అయిన గంటలో ఒకసారి కొలవండి, అది 49 అననివ్వండి, 46 అననివ్వండి, దాన్నే మొదలు అనుకోండి. అక్కణ్నుంచి వారం వారం ఎంత పడుతోందో చూసుకోండి. ఒకే షాపు, ఒకే చెయ్యి, ఒకే గట్ అయితేనే ఆ నంబరుకు అర్థం. మా నాన్న ఏ అంకే లేకుండా, పడుగు మీద అరచెయ్యి ఆనించి బిగువు చెప్పేవాడు. పక్క మగ్గానికి పోతే మాత్రం "ఇది నాకు తెలీదు" అనేవాడు.

డ్రాప్ వెయిట్ మిషన్ తెప్పించుకున్నాను. మొదటి రాకెట్‌కు నాలుగు గంటలు పట్టింది. ఏడో క్రాస్ తప్పు అల్లినట్టు చివర్లో చూసుకున్నాను. పైగా ఆఖరి రెండు క్రాసెస్‌కు గట్ చాలలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
— కాకినాడ

నాలుగు గంటలకు బాధపడకండి, నా మొదటి రాకెట్‌కు ఒక పూటంతా పట్టింది. గట్ చాలకపోవడం మాత్రం మొదట్లోనే జరిగిన పొరపాటు, చివర్లో కనబడింది.

ప్యాకెట్‌లో 12 మీటర్లు ఉంటుంది. ఒకే గట్‌తో మొత్తం వేస్తే, ఒక కొస సగం మెయిన్స్‌కు మాత్రమే పనికొస్తుంది. రెండో కొస మిగతా సగం మెయిన్సూ, క్రాసెస్ అన్నీ లాగాలి. మీరు బహుశా గట్‌ను సగానికి మడిచి మొదలుపెట్టి ఉంటారు. అప్పుడు ఒకవైపు మూరలకు మూరలు మిగిలిపోతుంది, రెండోవైపు ఏడుపొస్తుంది. 16 మెయిన్స్ ఉన్న మామూలు రాకెట్‌కు చిన్న కొస ఎంత ఉండాలంటే: రాకెట్‌నే కొలబద్దగా పెట్టుకుని నాలుగు రాకెట్ల పొడవు, పైన ఒక జానెడు. ఆ జానెడు మిషన్ పట్టుకోవడానికీ, ముడికీ.

ఇంకోటి చూసుకోండి. నడిమి రెండు మెయిన్స్ రాకెట్ తల వైపు మొదలయితే, పదహారు గట్ల రాకెట్‌లో ఎనిమిదో గట్ మళ్లీ తల దగ్గరే తేలుతుంది. అక్కణ్నుంచి క్రాసెస్ కిందికి నేసుకుంటూ రావచ్చు. పిడి వైపు, అంటే గొంతు దగ్గర మొదలయితే గొంతు దగ్గరే తేలుతుంది. అప్పుడు అదే గట్‌తో క్రాసెస్ కిందనుంచి పైకి పోవాల్సి వస్తుంది. అది చెయ్యకండి. ఫ్రేమ్‌కు బలం గొంతు దగ్గర ఎక్కువ, తల దగ్గర తక్కువ. ఒత్తిడి అంతా చివరకు బలమైన వైపు చేరాలి. అలాంటి రాకెట్‌కు గట్ రెండు ముక్కలు చేసి, క్రాసెస్‌కు విడిగా తల దగ్గర ముడి వేసి మొదలెట్టండి. పాత గట్ కోసేముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటో తీసుకుంటే ఏ రంధ్రంలో ముడి ఉందో, ఏది ఖాళీగా వదిలారో అన్నీ దొరుకుతాయి. మేం అప్పట్లో కాగితం మీద గీసుకునేవాళ్లం.

మెయిన్స్ నడిమి నుంచి బయటికి, అటొకటి ఇటొకటి. ఒకవైపు మూడు కంటే ఎక్కువ ముందుకు పోనివ్వొద్దు. డ్రాప్ వెయిట్ మిషన్‌లో గట్‌ను లాగేది కడ్డీకి తగిలించిన బరువు. ఆ కడ్డీ నేలకు సమాంతరంగా ఆగాలని పుస్తకంలో రాసి ఉంటుంది. నిజమే, కానీ ప్రతి గట్‌కూ దాన్ని గీత పెట్టినట్టు నిలబెట్టాలని మూడేసి సార్లు ఎత్తి దించకండి. కడ్డీ పది డిగ్రీలు వాలినా లాగుడులో తేడా ఒకటిన్నర శాతమే. అంతకంటే మీరు క్లాంప్ వదులుగా వేస్తే పోయేదే ఎక్కువ. ఆ మిషన్ మీద అనుమానం ఉంటే, లగేజీ తూచే డిజిటల్ కాటా ఒకటి గట్ మధ్యలో తగిలించి లాగి చూడండి. 50 పౌండ్లంటే 22.7 కిలోలు చూపించాలి.

ఇక పేక. గట్టింగ్‌లో నేర్చుకోవాల్సింది ఏదైనా ఉందంటే ఇదే, లాగడం మిషన్ చూసుకుంటుంది. మగ్గం మీద కాలితో తొక్కితే ఒకటి విడిచి ఒకటి పడుగు దారాలన్నీ ఒక్కసారి లేస్తాయి, నాడె దూసుకుపోతుంది. రాకెట్‌కు తొక్కుడు చెక్కల్లేవు, వేళ్లే ఉన్నాయి. 16 నిలువు, 19 అడ్డం అంటే 304 చోట్ల పైకీ కిందికీ దాటాలి. నేను కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెడతాను. కుడి చూపుడువేలు గట్ కొసను కిందికి నొక్కుతుంది, ఎడమ నడిమివేలు దాన్ని అందుకుని పక్క మెయిన్ దాటించి పైకి తోస్తుంది. కొస ఏటవాలుగా కోసి ఉండాలి, మొద్దుగా ఉంటే ప్రతి గట్ దగ్గరా ఆగుతుంది. నాలుగైదు మెయిన్స్ దాటాక కొస కాదు, వెనక గట్‌ను తోస్తే ముందుకు నడుస్తుంది.

బిగించిన క్రాస్ పక్కనే కొత్తది అల్లబోతే కష్టం. పాతది ఏ మెయిన్‌ను కిందికి నొక్కి పెట్టిందో, కొత్తదానికి అదే పైకి లేవాలి. అందుకని ఒకటి ముందు అల్లుకోండి. అంటే మూడోది ఇంకా లాగకుండా వదులుగా ఉండగానే నాలుగోది అల్లేసి, అప్పుడు మూడోదాన్ని లాగండి. ఈ ఒక్క అలవాటుతో మీ నాలుగు గంటలు రెండవుతాయి.

అల్లాక మిగతా గట్ మొత్తాన్ని లాగుతారు కదా, అక్కడ తొందర పడొద్దు. ఒకే చోట ఒరిపిడి పడితే మెయిన్ మీద రంపం పెట్టినట్టు గాడి పడుతుంది. మల్టీ అయితే పోగులు లేచిపోతాయి. లాగుతున్నంతసేపూ గట్‌ను విసనకర్ర ఊపినట్టు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. తర్వాత మిషన్‌కు తగిలించేముందు రాకెట్‌ను కంటి ఎత్తుకు లేపి పక్కనుంచి ఒక్క చూపు. రెండు క్రాసెస్ పక్కపక్కన ఒకేలా దాటి ఉంటే, బియ్యంలో రాయిలా ఇట్టే తెలిసిపోతుంది. మీ ఏడోది అక్కడే దొరికేది. నేను ఇప్పటికీ ప్రతి క్రాస్‌కూ చూస్తాను. చూడని రోజే తప్పుతుంది, అదేంటో.

రంధ్రం మూసుకుపోయి గట్ దూరకపోతే సూదితో పొడిచి తిప్పకండి. లోపల ఉన్న గట్‌కు గీత పడితే రెండ్రోజుల్లో అక్కడే తెగుతుంది. కొసకు కాస్త మైనం రాసి, నోస్ ప్లయర్‌తో పట్టుకుని నెమ్మదిగా తొయ్యండి. ముడి చేత్తో బిగించండి, ప్లయర్‌తో బలం చూపించొద్దు.

మా స్కూల్లో బాడ్మింటన్ గట్టింగ్ మిషన్ ఉంది. దాని మీద టెన్నిస్ రాకెట్ వేయవచ్చా?
— ఒక పీఈటీ మాస్టారు, వరంగల్

మిషన్ మీద ఎన్ని పౌండ్ల దాకా ఉందో చూడండి మాస్టారూ. బాడ్మింటన్‌కు ముప్పై చిల్లర దాటే పని రాదు కాబట్టి కొన్ని మిషన్లు అక్కడే ఆగిపోతాయి. అలాంటిదైతే వద్దు. 60 పైన లాగగలిగినా, క్లాంప్ పళ్లు చూసుకోవాలి. బాడ్మింటన్ గట్ 0.70 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, టెన్నిస్‌ది 1.25, 1.30. ఆ సన్నటి సందులో లావు గట్ ఇరికిస్తే నలుగుతుంది. రెంటికీ పనికొచ్చే మిషన్లు ఉన్నాయి, క్లాంపులు విడిగా వస్తాయి.

ఎనిమిదేళ్ల నాటి గ్రాఫైట్ రాకెట్ గట్టింగ్‌కి ఇస్తే ఫ్రేమ్ విరిగి తిరిగొచ్చింది. "పాతది, మేమేం చేస్తాం" అన్నారు. తప్పు ఎవరిది?
— విశాఖపట్నం

చూడకుండా తీర్పు చెప్పలేను. ఎక్కడ విరిగిందో చూస్తే కొంత తెలుస్తుంది. తల పైభాగంలో, కోర్టుకు కొట్టుకుని అరిగిన చోట విరిగితే చాలావరకు పాత దెబ్బే. రాకెట్ నేలకేసి కొట్టే అలవాటు మీకు లేదని మీరు రాయలేదు, నేనూ అడగను. రెండు పక్కల్లో విరిగితే మాత్రం గట్టింగ్ చేసినవాళ్లను నాలుగు మాటలు అడగాల్సిందే.

ఎందుకంటే లెక్క చూడండి. 16 మెయిన్స్, ఒక్కోటి 55 పౌండ్లు. మొత్తం 880, అంటే దాదాపు నాలుగు క్వింటాళ్లు. నాలుగు క్వింటాళ్ల బరువు రాకెట్ తలనూ గొంతునూ దగ్గరికి లాగుతుంది. ఫ్రేమ్ పొట్టిదై పక్కలకు ఉబ్బాలని చూస్తుంది. క్రాసెస్ పడ్డాక ఆ పక్కలను లోపలికి లాగి మళ్లీ ఆకారం తెస్తాయి. మధ్యలో ఉన్నంతసేపూ ఫ్రేమ్‌ను కాపాడేది మిషన్ కొక్కేలే. తలలోపల, గొంతులోపల రెండు చోట్ల పట్టుకునేవి ఉన్నాయి, ఆరు చోట్ల పట్టుకునేవి ఉన్నాయి. రెండు చోట్ల పట్టేదైనా సరిగ్గా బిగిస్తే చాలు. వదులుగా పెడితే ఆరున్నా దండగే.

ఈ సంగతి నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. 1997 ఎండాకాలం. ఒక డాక్టరుగారి రాకెట్‌కు మెయిన్స్ అన్నీ వేశాను. ఇంతలో ఇంకెవరో టోర్నమెంట్‌కు వెళ్లాలి, పది నిమిషాల్లో ఒక్క గట్ మార్చివ్వమని కూర్చున్నారు. షాపులో మిషన్ ఒకటే. డాక్టరుగారి రాకెట్‌ను మెయిన్స్‌తోనే కొక్కేల్లోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆవలి రాకెట్ ఎత్తుకుంటుండగా వెనకనుంచి కిర్రుమని చప్పుడు, వెదురు బద్ద చీల్చినట్టు. వెనక్కి తిరిగేసరికి కోడిగుడ్డులా ఉండాల్సిన తల గారెలా గుండ్రంగా ఉంది, ఎడమ పక్క నిలువునా చీలింది. నా జీతంలో ఐదు నెలలు కోశారు. డాక్టరుగారు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

పాత గట్ కోసేటప్పుడూ ఇదే జాగ్రత్త. మెయిన్స్ అన్నీ ఒక వరసలో కోసేసి క్రాసెస్ వదిలేస్తే, ఈసారి ఫ్రేమ్ అటు పొడవు సాగాలని చూస్తుంది. నడిమిలో మొదలుపెట్టి ఒక నిలువు, ఒక అడ్డం, అలా బయటికి కోసుకుపోవాలి. గట్ ఒకటి తెగిపోయిన రాకెట్‌ను వారాల తరబడి అలాగే సంచీలో ఉంచుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను: తెగిన రోజే మిగతాది కోసేయండి.

మా కాలంలో "స్పఘెటీ రాకెట్" అని ఒకటి వచ్చి నిషేధించారని చదివిన గుర్తు. అది ఏమిటి? ఎందుకు నిషేధించారు?
— ఒక రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు

ఈ ఉత్తరం చదివి నా ప్రాణం లేచొచ్చింది సార్. టెన్నిస్ చరిత్రలో నేతగాళ్లకు అర్థమయ్యే గొడవ ఇదొక్కటే.

1977లో అర్జెంటీనా ఆటగాడు గిలెర్మో విలాస్‌ను ఆపేవాడు లేడు. ఫ్రెంచ్ ఓపెన్, అమెరికన్ ఓపెన్ రెండూ ఆ ఏడాదే గెలిచాడు, వరసగా 46 మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఫైనల్. అవతల రొమేనియావాడు ఇలీ నస్తాసే, చేతిలో ఈ వింత రాకెట్. రెండు సెట్లు పోగానే విలాస్ ఇక ఆడనని మ్యాచ్ వదిలేసి వెళ్లిపోయాడు. బంతి ఎక్కడ పడి ఎటు లేస్తుందో తెలియడం లేదని గోల.

జర్మనీలో వెర్నర్ ఫిషర్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి అది. మెయిన్స్ రెండు పొరలు, మధ్యలో క్రాసెస్. మెయిన్స్ క్రాసెస్‌ను అల్లుకోవు, వాటి మీద ఊరికే ఆనుకుని ఉంటాయి, అక్కడక్కడ ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి ఉంటాయి. బంతి ఒరుసుకుంటూ తగలగానే మెయిన్స్ పక్కకు జారి, మరుక్షణం ఎగిరి వెనక్కి వచ్చేస్తాయి. వచ్చేటప్పుడు బంతిని బొంగరంలా తిప్పేస్తాయి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆ ఏడాదే తాత్కాలికంగా ఆపించి, 1978లో నియమం రాసేసింది: గట్లు దాటే ప్రతిచోటా ఒకదానిమీద ఒకటి మార్చి మార్చి అల్లుకుని ఉండాలి, లేదా అతికి ఉండాలి. మా నాన్నకు ఈ నియమం చదివి వినిపిస్తే, "పడుగూ పేకా కలవకపోతే అది బట్టెట్లా అవుద్ది, రాయడానికి దానికో రూలా" అన్నాడు.

తమాషా ఏంటంటే, ఇవాళ్టి పాలీ చేసేదీ చిన్న ఎత్తున అదే. నున్నగా ఉంటుంది కాబట్టి అల్లుకుని ఉన్నా మెయిన్ పక్కకు జారి టక్కుమని తిరిగొస్తుంది. నైలాన్ గట్ జారి అక్కడే ఉండిపోతుంది. ఆటగాళ్లు పాయింటుకూ పాయింటుకూ మధ్య వేళ్లతో గట్లు సర్దుకుంటూ ఉండేవాళ్లు చూడండి, అది అందుకే. పాలీ వాడేవాళ్లకు ఆ పని చాలా తగ్గిపోయింది. తలుపులోంచి పంపేసినదాన్ని కిటికీలోంచి రానిచ్చారని నేనంటాను, తప్పని మీరంటే ఒప్పుకుంటాను.

మూడేళ్లయింది, నా గట్ తెగలేదు. వారానికి మూడు రోజులు డబుల్స్ ఆడతాను. తెగనిదాన్ని ఎందుకు మార్చాలి?
— ఒక మాజీ బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

నులక మంచం కూడా తెగదండీ, నడుం నేలకు తగిలేదాకా దిగిపోతుంది, అంతే. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్చమని ఈ వృత్తిలో ఒక వాడుక లెక్క. మీకు మూడు. పాలీ అయితే ఆ లెక్క కూడా చాలదు. రాకెట్‌ను కారు డిక్కీలో ఉంచుతారేమో కూడా చూసుకోండి. రోళ్లు పగిలే రోహిణి ఎండలో డిక్కీలో పడి ఉన్న నైలాన్ గట్ బిగువు ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. ఈ పదిహేను రోజుల్లో ఇంకో రాకెట్‌కు కొత్త గట్ వేయించి, ఈ పాతదానితోనూ దానితోనూ మార్చి మార్చి కొట్టి చూడండి. తర్వాత నాకు ఉత్తరం రాయక్కర్లేదు.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ టీమ్‌లో ఆడుతుంది, రెండు వారాలకోసారి గట్ తెంపుతోంది. ఇంట్లో మిషన్ కొనుక్కోవడం లాభమా?
— న్యూజెర్సీ, అమెరికా

రెండు వారాలకోసారి అయితే లాభమే. అక్కడ షాపులో ఒక గట్టింగ్‌కు ఎంత తీసుకుంటున్నారో దాన్ని ఇరవైతో గుణించి, మిషన్ ధర పక్కన పెట్టి చూడండి. డ్రాప్ వెయిట్ చాలు. డబ్బు మిగిలితే మిషన్ సోకుల మీద పెట్టకుండా, మిషన్‌కే బిగించి ఉండే ఫిక్స్‌డ్ క్లాంపులున్నది తీసుకోండి. గట్ ప్యాకెట్లు కాకుండా 200 మీటర్ల రీలు కొంటే పదహారు రాకెట్లకు వస్తుంది. ఇంకో మాట: పాపకే నేర్పించండి. ఆ వయసు వేళ్లకు పేక తొందరగా వస్తుంది, పైగా తను వేసిన గట్‌ను తనే తెంపుకుంటే ఎవర్నీ అనదు.

మేం శాకాహారులం. "గట్" అంటే పేగు అని మా మనవడు చెప్పాడు. ఇన్నేళ్లుగా నేను పేగులతో ఆడుతున్నానా?
— నెల్లూరు

లేదండీ, కంగారు పడకండి. మన షాపుల్లో మామూలుగా వేసేది నైలాన్, కాకపోతే పాలిస్టర్. ప్యాకెట్ మీద "సింథటిక్ గట్" అని ఉన్నా అది నైలానే, అందులో జంతువు ఏమీ లేదు. "నేచురల్ గట్" అని విడిగా ఉంటే మాత్రం అది నిజంగానే ఆవు పేగు పొరలతో చేసింది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో బాబొలా వాళ్లు 1875లో టెన్నిస్ గట్ చెయ్యడం మొదలుపెట్టినప్పుడు గొర్రె పేగులు వాడారు, తర్వాత ఆవుకు మారారు. ఇప్పటికీ అంతకంటే మెత్తటి గట్ లేదని ఆడేవాళ్లు అంటారు. ధర కూడా అలాగే ఉంటుంది, తడి తగిలితే ఉబ్బి పాడవుతుంది. చెప్పకుండా మీ రాకెట్‌కు ఎవరూ వెయ్యరు, వేస్తే బిల్లు చూసి మీకే తెలుస్తుంది.

పేరు మాత్రం అలా ఉండిపోయింది. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి అనే కదా. ఇప్పుడు కొబ్బరి నూనె అంటాం, వేరుశనగ నూనె అంటాం, అందులో నువ్వులెక్కడున్నాయని ఎవరూ అడగరు. మీ మనవడికి ఈ మాట చెప్పి, ఒకసారి ప్యాకెట్ మీద ఉన్నది వాడిచేతే చదివించండి.